పద్నాలుగు రోజుల సూది

జనవరి 5. తాడిపత్రి యార్డు.

ముందు అందరి ఒంటి సంగతులూ అడగాలి, ఆ తర్వాతే నా సంగతి. సుంకులమ్మా, తూర్పు బండిలో నువ్వెట్లా ఉన్నావు? మోకాళ్లు సర్దుకున్నాయా? వాపు ఏమైనా వచ్చిందా అని అడగాలి కాబట్టి అడుగుతున్నాను. రాలేదని తెలుసు, నీకెప్పుడొచ్చింది గనక. నాయనా గంగాధరా, పట్టాల ముఠాతో అందరికంటే ముందు పోతున్నావు. సమ్మెట పట్టుకుంటే చేతులు వాస్తాయని నీ చిన్నప్పటి నుంచి మొత్తుకుంటూనే ఉన్నాను. పెదవులు బాగున్నాయా? సూదులు చల్లడబ్బాలోనే పెడుతున్నావా, సంచిలో పడేసుకుని తిరుగుతున్నావా? లేపాక్షీ, మీ అవ్వ పక్క బెర్తులోనే ఉన్నా పుస్తకంలో నీ పేరు తీయకపోతే డబ్బా ఒప్పుకోదు. నీ ఒళ్లెట్లా ఉంది తల్లీ? మందుల బోగీలో పొద్దంతా నిలబడే జమీలమ్మా, నీ నడుము నొప్పి తగ్గిందా?

నేను బాగున్నాను. బాగున్నాననే అనుకుంటున్నాను.

మన నలుగురిదీ, నాదీ, చెల్లెలిదీ, కొడుకుదీ, మనవరాలిదీ, ఒకటే రక్తం, ఒకటే వాపు, అందుకే ఒకటే పుస్తకం. ఒకరు రాసింది మిగతావాళ్లు చదవాలి, అప్పుడే డబ్బా తర్వాతి సూదిని వదులుతుంది. నా రాతలో తప్పులుంటే ఏమీ అనుకోవద్దు. మూడో తరగతిలో ఉండగా మా బడి బోగీని విప్పి వేరే బండికి తగిలించారు. నా చదువూ దానితోనే పోయింది.

ఈ రోజు సూది రోజు. డబ్బాలో నుంచి తీసి అరగంట బయట పెట్టాను. ఎండలో పెట్టకూడదు, అరచేతిలో వెచ్చ చేయకూడదు, ఊపకూడదు. బండిలో కాపురం చేస్తూ ఊపకుండా ఎట్లా అని ఏళ్లుగా అడుగుతున్నాను, ఎవరూ చెప్పరు. అందుకే బండి ఆగినప్పుడే పొడుచుకుంటాను. మందును వెలుతురుకు పట్టి చూస్తే బుడగ కనిపించింది. బుడగ ఉంటే ఏమీ కాదని జమీలా నూరుసార్లు చెప్పింది. నూటొకటోసారి అడిగి వచ్చాను. బొడ్డుకు మూడు వేళ్ల ఎడంగా, ఎడమ పక్క, చర్మం పట్టుకుని నొక్కాను. పది లెక్కపెట్టాను. అనుమానం వచ్చి ఇంకో పది.

గుమ్మానికి కట్టిన దండలో చింతగింజ గుచ్చాను. వాపు లేని వారానికి ఒక గింజ. ఇరవై మూడు అయ్యాయి. ఇరవై ఆరు అయితే ఆరు నెలలు నిండినట్టు. అప్పుడు ఈ పద్నాలుగు రోజుల సూది ఇరవై ఎనిమిది రోజులకు జరుగుతుంది. సుంకులమ్మా, నీ దండ గుమ్మం చుట్టూ రెండు చుట్లు తిరిగిందట. చెప్పింది ఎవరో కాదు, నువ్వే.

జనవరి 12. గుత్తి.

రెండు బండ్లూ ఒక గంట పక్కపక్కన నిలిచాయి, నీళ్లు పట్టుకోవడానికి. సుంకులమ్మా, నువ్వు చదువుతావని తెలిసే రాస్తున్నాను. మన మాటలు మనం ఇంట్లో మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుంటే సరిపోయేది. నువ్వు కిటికీలోంచి తల బయటపెట్టి అరిచావు.

"అక్కా, ఇంగా పద్నాలుగు రోజులకేనా నీకు?"

రెండు బండ్ల జనం బిందెలు దించి మరీ విన్నారు.

"రెండు గింజలు తక్కువుండాయి, అంతే" అన్నాను.

"నాకైతే సూది ఉండాదనే గ్యాపకం ఉండదక్కా. మొన్న మా బడి బోగీలో నన్ను నిలబెట్టి, ఈమెను సూసి నేర్సుకోండి అని పిల్లోళ్లకు సెప్పినారు. సిగ్గయిపాయ నాకు."

సిగ్గుపడిన మొహం అట్లా ఉండదు. నేను డెబ్బై రెండేళ్లుగా చూస్తున్నాను మొహాలను.

లేపాక్షి పట్టాలు దాటి నీ బోగీకి వచ్చి, చేతినిండా ఊరిబిండి పచ్చడి తెచ్చుకుంది. వేళ్లు నాకుతూ "సిన్నవ్వ ఎంత బాగుండాదవ్వా! మొగం నున్నగా, నీకన్నా ఇరవై ఏండ్లు సిన్నగా అగుపిస్తాది" అంది.

"ఐదేండ్లే సిన్నది" అన్నాను.

నున్నగా ఎందుకు ఉండదు? నాకు పన్నెండో ఏట మొదలైంది వాపు. నీకు నలభై దాటాక, అప్పటికి సూది వచ్చేసింది. నన్ను చూసుకోవడానికి పెళ్లికొడుకు వాళ్లు వచ్చిన రోజు నా మొహం తప్పెటలా ఉబ్బి కళ్లు మూసుకుపోయాయి. నీళ్లు తెచ్చి ఇచ్చిన నిన్ను చూసుకుని పోయారు. నిన్ను చేసుకున్న ఆ మనిషి పోయి పన్నెండేళ్లయింది, ఆయన కోసం నాకు ఏ బాధా లేదు. మొహం కోసమే.

జనవరి 19. గుంతకల్లు దగ్గర.

సూది వేసుకున్నాను, కుడి పక్క. వాపు లేదు. చల్లడబ్బా దీపం ఒకసారి ఆరి వెలిగింది. జమీలాను పిలిస్తే, రెప్పపాటు ఆరితే మందు చెడదు అంది. రెప్పపాటు అంటే ఎంత అని అడిగితే నవ్వింది. నవ్వాల్సిన మాటా అది? గింజలు ఇరవై ఐదు.

జనవరి 22. బండి నడుస్తూ ఉంది.

ఈ రోజు సూది రోజు కాదు. అయినా అందరూ బాగున్నారా అని రాస్తున్నాను. నాకు వాపు లేదు. కాలు బాగుంది. కాలు సంగతి ఎవరూ అడగలేదు, నేనే చెబుతున్నాను.

నిన్న బోగీ మీదికెక్కి కరెంటిచ్చే ఎండపలకలు తుడిచాను. దిగేటప్పుడు నిచ్చెన చివరి మెట్టు తగిలింది. అంతే. ఈ రోజు నీళ్ల వంతుకు పోలేదు, ఎండ ఎక్కువగా ఉందని. లేపాక్షి నాలుగు రోజులుగా బండి చివర బోగీలు తగిలించే పనిలో ఉంది, ఇంటికి రాలేదు. మధ్యాహ్నం జమీలా వచ్చింది. నేను దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాను.

"ఇంత ఉక్కలో దుప్పటేందవ్వా?"

"సలి."

"జరమొచ్చిందా?"

"జరమూ లేదు గిరమూ లేదు. వాపు లేదని రాసుకుని పో."

రాసుకుని పోయింది.

జనవరి 26. డోన్.

గింజ గుచ్చేటప్పుడు దబ్బనం జారి వేలికి దిగింది. చిన్న గాయమే. ఇరవై ఆరు.

ఫిబ్రవరి 2. డోన్.

ఈ రోజు సూది వేసుకోగానే డబ్బా గంట కొట్టింది. ఇక మీదట ఇరవై ఎనిమిది రోజులు! మళ్లీ మార్చి రెండుకే. బోగీలో ఆడవాళ్లంతా వచ్చారు. బెల్లం పంచాను. డబ్బా ఇంకా ఏదో పెద్ద పాఠం చదువుతూ ఉంది, నిబంధనలు, ఫలానా ఫలానా. లేపాక్షి పేరు కూడా వినపడింది. మనుషులు ఇంటికి వచ్చినప్పుడు డబ్బా మాట ఎవరు వింటారు?

సుంకులమ్మా, నీ కబురు అందింది. "సంతోషం అక్కా." రెండే రెండు మాటలు. నాకు తెలుసు లోపల ఎట్లా ఉంటుందో. ఇన్నేళ్లు నేను అనుభవించిందే కదా. కొంచెం నువ్వూ చూడు.

గంగాధరా, నువ్వు మాత్రం చేతులు జాగ్రత్త.

ఫిబ్రవరి 16. వెల్దుర్తి.

పొద్దున్నే లేపాక్షి తన సూది కోసం డబ్బా దగ్గరికి పోయింది. తెరుచుకోలేదు. చేత్తో కొట్టింది. తెరుచుకోలేదు. జమీలాను పిలిచింది.

"నీకూ ఇరవై ఎనిమిదే పాప, ఇంగ మార్చి రెండుకే తెరుసుకుంటాది" అంది జమీలా.

"నాకెందుకు? నాకు పోయిన శ్రావణంలో పెదవి వాచింది కదా?"

"పుస్తకంలో నీ పేరెక్కి ఏడాదే. రెండేండ్లు నిండేదాకా నీకు మీ అవ్వ రాతే లెక్క. అవ్వ ఒంటికి సాలితే నీ ఒంటికీ సాలుతాదని డబ్బా నమ్ముతాది. ఆ పొద్దు సెప్పింది కదా, ఇనలేదా?"

లేపాక్షి నా వైపు చూసి నవ్వింది. "మంచిదేలే అవ్వా. నీ పుణ్యాన నాకూ ఒక సూది తప్పింది."

చెబితే ఏముంది? పిల్ల గట్టిది, ఇనప కొక్కేలు ఒంటిచేత్తో ఎత్తుతుంది. ఇరవై ఎనిమిది రోజులు చాలుతాయి. నాకు చాలుతున్నాయి కదా. వాపు లేదు.

అన్నం సయించలేదు. ఎండ వల్ల.

ఫిబ్రవరి 21. వెల్దుర్తి.

లేపాక్షి మూడు రోజులుగా కుడి దవడ పట్టుకుని తిరుగుతోంది. లవంగం పెట్టాను, ఉప్పునీళ్లు పుక్కిలించమన్నాను. ఈ రోజు పళ్ల బోగీకి తీసుకుపోయాను. మన బండి పళ్లాయన నోట్లో దీపం పెట్టి చూసి, జ్ఞానదంతం అడ్డంగా మొలిచింది, పీకాలి, ఎల్లుండి రండి అన్నాడు.

"పీకే ముందర పెద్ద సూది వెయ్యల్ల కదా, మా రక్తానికి?" అన్నాను.

ఆయన డబ్బాను అడిగి చూశాడు. "అవసరం లేదంటా ఉందవ్వా. ఈ ఇంట్లో ఆరు నెల్లుగా వాపు లేదు, వాయిదా సూది సాలు అని సెప్తాది."

"డబ్బాకేం తెలుసు?"

"నువ్వు రాసిందే కదా దానికి తెలిసేది" అన్నాడాయన, దీపం ఆర్పుతూ. మామూలుగానే అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు లేపాక్షి నా చేయి పట్టుకుని బోగీల మధ్య పలకలు దాటించింది. "ఎందుకవ్వా ఇంత బయపడతావు? పీకేది నాకు, నీక్కాదు" అంది.

ఫిబ్రవరి 22. వెల్దుర్తి.

అందరూ చదవండి. సుంకులమ్మా, ముఖ్యంగా నువ్వు.

జనవరి ఇరవై ఒకటిన నా కుడికాలు వాచింది. పాదం నుంచి పిక్క దాకా, తోలుతిత్తికి గాలి కొట్టినట్టు. మూడు రోజులు ఉంది. దుప్పటి కింద దాచాను. జమీలాకు అబద్ధం చెప్పాను, పుస్తకంలో అబద్ధం రాశాను. ఇరవై ఆరో గింజ దొంగ గింజ. ఇంకొక్క వారం ఆగితే ఆరు నెలలు నిండుతాయి. ఆ ఒక్క వారం కోసం మళ్లీ మొదటి గింజ నుంచి మొదలుపెట్టాలంటే నా వల్ల కాలేదు. గుత్తిలో నువ్వు కిటికీలోంచి అడిగిన మాట చెవిలోనే ఉంది. మళ్లీ బండ్లు కలిసినప్పుడు ఇంకా పద్నాలుగేనా అని నువ్వు అడగకూడదు, అంతే నేను కోరుకున్నది.

పిల్లకు కూడా మారుతుందని నాకు తెలియదు. తెలిశాక కూడా ఆరు రోజులు నోరు మూసుకున్నాను. అది కూడా రాసుకోండి.

మన అమ్మ సంగతి గంగాధరకు చెప్పలేదు, లేపాక్షికి అసలే చెప్పలేదు. గుండెపోటుతో పోయిందని చెప్పాను. సుంకులమ్మా, నీకు అప్పుడు ఎనిమిదేళ్లు, నిన్ను పక్క బోగీకి పంపించేశారు. నేను ఉన్నాను. ముందు రోజు పన్ను పీకించుకుంది. పొద్దున లేచి, గొంతులో ఏదో అడ్డం పడినట్టుంది ఓబుళా, నీళ్లు ఇయ్యి అంది. నీళ్లు ముక్కులోంచి వచ్చేశాయి. నేను చెంబు పట్టుకుని నిలబడ్డాను. పొద్దు నెత్తి మీదికి రాకముందే అయిపోయింది. ముప్పై ఎనిమిదేళ్లు.

జమీలా దగ్గరికి పోయి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె "రేపు పన్ను పీకేది ఆపిచ్చినా. అది నా పని. పుస్తకం దిద్దేది నీ పని" అంది.

దిద్దిన పుస్తకాన్ని డబ్బా ఊరికే నమ్మదట. ఒకసారి అబద్ధం రాసినవాళ్ల మాట, అదే రక్తంలో ఇంకో పెద్దమనిషి సాక్షి చెబితేనే చెల్లుతుంది. గంగాధర నా కొడుకు కాబట్టి పనికిరాడు.

మిగిలింది ఎవరో నేను రాయక్కర్లేదు.

ఫిబ్రవరి 23. వెల్దుర్తి.

మధ్యాహ్నం దాకా నీ నుంచి కబురు లేదు. ఈసారి నువ్వు మొహం తిప్పుకున్నావనుకున్నాను. నీ స్థానంలో నేనుంటే ఏం చేసేదాన్నో తెలుసు కాబట్టి అట్లా అనుకున్నాను. రెండు గంటలకు డబ్బాలో నీ గొంతు వినపడింది. లేపాక్షీ, జమీలా కూడా అక్కడే ఉన్నారు. నువ్వు అన్న మాటలు, నేను అన్న మాటలు పుస్తకంలో ఉండాలని జమీలా చెప్పింది, రాస్తున్నాను.

"మధ్యాన్నం పూట దుప్పటి కప్పుకుంటినని రాసినావే, అప్పుడే తెలిసిపాయ నాకు" అన్నావు.

"తెలిస్తే ఎందుకు సెప్పలేదే?"

"సెప్తే ఏమంటావు? ఓర్సుకోలేక సెప్పింది అంటావు."

అనేదాన్నే. ఇంకా ఎక్కువే అనేదాన్ని.

"పిల్లది కూడా మారుతాదని నాకేం తెలుసక్కా" అన్నావు, గొంతు కొంచెం తగ్గించి. "తెలిసుంటే నువ్వు తిట్టినా పర్వాలేదనుకుందును. ఆ గింజల దండ నా గుమ్మానికి కట్టినా ఏం సుఖం? సూసేటోళ్లు లేరు. సూది రోజు ఎవురూ నా తలుపు తట్టరు. నీకు పక్కన పిల్ల కూసుంటాది, జమీలా వస్తాది, బుడగ సూపిస్తావు, నూరు ప్రశ్నలడుగుతావు. నేను ఒక్కతే నొక్కుకునేది, ఒక్కతే లెక్కపెట్టుకునేది. నిన్ను సూసి నాకెంత మంటో నీకేం తెలుసు?"

నేను నమ్మలేదు. నీకు నా మీద మంటా? నన్ను చూసి? లేపాక్షి పక్కనుండి "సిన్నవ్వా, నువ్వూ మా అవ్వ మాదిరే ఉండావే" అని నవ్వింది. దవడ పట్టుకునే నవ్వింది.

"సాక్షి సెప్తా" అన్నావు. "సెప్పినాక నిబంధన తెలుసు కదా?"

తెలియదు. జమీలా చదివి వినిపించింది, ఈసారి విన్నాను. ఒక ఏడాది పాటు నేను రాసిన ప్రతి రాతనూ సాక్షి వినాలి. విని ఒప్పుకున్నాకే నా డబ్బా తెరుచుకుంటుంది. అంటే పద్నాలుగు రోజులకొకసారి నా ఒంటి సంగతి నీకు విన్నవించుకోవాలి. నీ గొంతు కోసం కాచుకోవాలి. దేవుడు చాలా ఆలోచించే పెట్టాడు ఇది.

ఒప్పుకున్నాను. నువ్వు సాక్షి చెప్పావు. నీ పూర్తి పేరు, నాయన పేరు, అమ్మ పేరు చెప్పావు. అమ్మ పేరు దగ్గర ఆగావు. డబ్బా గంట కొట్టింది. లేపాక్షి సూది బయటికి వచ్చింది. అరగంట ఆగి, తొడకు పొడుచుకుంది. పది నేను లెక్కపెట్టాను. ఇంకో పది కూడా.

నా దండను నేనే తెంచాను. గింజలన్నీ సీటు కిందికి దొర్లిపోయాయి. ఏరుకోలేదు.

ఫిబ్రవరి 24. కర్నూలు బయట.

పన్నుకు ముందు వేయాల్సిన పెద్ద సూది సంగతి. మామూలు సూదికి గొంతు చాలుతుందట, పెద్ద సూదికి సాక్షి మనిషి ఎదురుగా ఉండాలట. బండ్లు కలిసేదాకా ఆగాలి. అప్పటిదాకా నొప్పికి మాత్రలు, ఒక పూట గంజి, ఒక పూట మెత్తని సంగటి. జమీలా పొద్దునా సాయంత్రం గొంతు చూసి పోతోంది. నేను మధ్యలో ఇంకో నాలుగుసార్లు చూస్తున్నాను. "నోరు తెరిసి తెరిసి దవడ ఇంగా ఎక్కువ నొస్తాంది అవ్వా" అంటోంది పిల్ల. అయినా చూస్తాను.

సుంకులమ్మా, పన్ను నీ బండిలోనే పీకించాలని పట్టుబట్టావు. మీ పళ్లాయన చెయ్యి మెత్తనిది అన్నావు. మన బండి ఆయన చెయ్యికి ఏం రోగం? అయినా సరేనన్నాను. పిల్లను నీ బోగీలో రెండు రోజులు ఉంచుకుంటానన్నావు. దానికి సరేననలేదు. లేపాక్షి ఒక్కతే రాదు, నేనూ వస్తాను. నీ బోగీ గడప ఎక్కి ఇరవై ఏళ్లయింది. పైబెర్తు ఎక్కలేను, కిందిది ఖాళీ చేసి పెట్టు. రెండు చుట్ల దండను చూడమని మాత్రం పిలవవద్దు, వచ్చినప్పుడు ఎట్లాగూ కనపడుతుంది.

గంగాధరా, నీకు ముఠా నుంచి సెలవు దొరకదని తెలుసు. భయపడవద్దు. భయపడడానికి నేనున్నాను.

పీకేటప్పుడు పిల్ల చేతులు పట్టుకోవడానికి ఇద్దరు కావాలని మీ పళ్లాయన చెప్పాడన్నావు కదా. ఎడమ చేయి నువ్వు పట్టుకో. కుడి చేయి నాది, ముందే చెబుతున్నాను, అక్కడికి వచ్చాక వాదన పెట్టుకోవద్దు. మార్చి తొమ్మిది, గుత్తి, మూడో లైను, పొద్దున పది గంటలకు.